కుదిరిన కుందా

గిడ్డయ్య మళ్ళీ వచ్చాడు.

సందు మొదట్లో ఆయన ఎర్ర తలపాగా కనబడగానే ఈశ్వరి చేతిలోని ఆకురాయిని బల్లమీద పడేసింది. భుజాన గోనెపట్టాలో చుట్టిన తుపాకి, చంకలో గుడ్డసంచి, ఎవరితోనూ పనిలేనట్టు ఆ నిదానపు నడక. చూస్తుంటేనే ఆమెకు ఒళ్ళు మండింది.

"వస్తున్నాడు ఉస్తాద్, మీ చుట్టం," అంది.

లోపల చాపమీద కూర్చుని తాళంకప్ప విప్పుతున్న దస్తగిరి ఉస్తాద్ తల ఎత్తలేదు. "చుట్టమైతే టీ పెట్టు," అన్నాడు.

కర్నూలు పాతబస్తీలో, బురుజు వెనక సందులో ఉంది ఆ అంగడి. ఉస్తాద్ తాతల కాలంలో పట్టాళాలకూ జమీందార్లకూ తుపాకులు బాగుచేసిన అంగడి. ఇప్పుడు తాళాలు, తూకం కాటాలు, ఎప్పుడన్నా ఒక పంటకాపలా తుపాకి. ఈశ్వరి వడ్రంగి బ్రహ్మయ్యాచారి కూతురు. తుపాకిలో భుజానికి ఆనించుకునే చెక్కభాగాన్ని కుందా అంటారు. బ్రహ్మయ్యాచారి బతికున్నన్నాళ్ళూ ఈ అంగడికి కుందాలు చేసిచ్చాడు. ఆయన పోయిన నెలకే ఈశ్వరి ఆయన పనిముట్ల పెట్టె నెత్తిన పెట్టుకొచ్చి అంగట్లో దించింది. ఆడపిల్లకు తుపాకుల అంగట్లో ఏం పని అని సందంతా ముక్కున వేలేసుకుంది. ఉస్తాద్ మాత్రం పెట్టెను చూశాడు, పిల్లను చూశాడు, తన చాపను కొంచెం పక్కకు జరుపుకున్నాడు. పనిలో చేర్చుకోవడం అంటే అంతే.

ఆయన నేర్పింది కూడా ఏమీ లేదు. చూస్తే వస్తుంది, రాకపోతే చెప్పినా రాదు అనేది ఆయన పద్ధతి. నోటితో చెప్పింది ఒకే ఒక నియమం. అతికించే పని ఒంటరిగా ఎప్పుడైనా చేసుకోవచ్చు. చెక్క తీసే పని మాత్రం తుపాకి గల మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే చెయ్యాలి. తీసింది మళ్ళీ రాదు కాబట్టి, తర్వాత తగువు పడకుండా ఈ ఏర్పాటని ఈశ్వరి అర్థం చేసుకుంది. ఉస్తాద్ కాదనలేదు, ఔననలేదు.

మిగిలిందంతా ఆమె తనంతట తాను నేర్చుకున్నదే. మనిషి గుమ్మంలో నిలబడగానే మెడ ఎంత, భుజం ఎంత వాలింది, దవడ ఎంత నిండుగా ఉంది, కంటితోనే కొలిచేసేది. ఆ కొలత తప్పేది కాదు. అందుకే గిడ్డయ్య అంటే మంట. ఆమె చేసిన పని కుదరలేదని తిప్పి తెచ్చినవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే.

గిడ్డయ్య వచ్చి గడప బయట చెప్పులు విడిచాడు. తుపాకిని గోనెపట్టా విప్పి, పసిపిల్లను దించినట్టు బల్లమీద దించాడు.

"ఏంది పెద్దాయనా, ఇంకా కుదర్లేదా?"

"లేదు పాపా. ఈ ఎముక మీద తన్నుతాంది," అని భుజం చూపించాడు. చెంప కూడా చూపించాడు. అక్కడ కమిలిన గుర్తు ఏమీ ఆమెకు కనబడలేదు.

ఆ తుపాకి తెల్లదొరల కుంఫిణీ పట్టాళం నాటిది. గిడ్డయ్య ముత్తాతకు తాత ఎవరో పట్టాళంలో పనిచేసి ఇంటికి తెచ్చుకున్నది. మూతిలోంచి మందు దట్టించి పేల్చాలి. వాళ్ళ ఊరు నల్లమల అంచున ఎర్రపెంట. అక్కడ సుంకులమ్మ జాతరలో ఈ తుపాకి పేలితేగానీ అమ్మవారి గంప గుడి గడప దాటదు. పేల్చే మర్యాద గిడ్డయ్య ఇంటిది. మొన్నటిదాకా కొడుకు పేల్చేవాడు. కొడుకు ఎండాకాలంలో పోయాడు. ఈ జాతరకు గిడ్డయ్య పేల్చాలి. పేల్చలేనంటే ఆ మర్యాద దాయాదుల ఇంటికి పోతుంది, పోయింది ఇక రాదు. కుందా తనకు కుదిరేట్టు చేసిమ్మని అందుకే వచ్చాడు.

మొదటిసారి వచ్చిన రోజు ఈశ్వరికి బాగా గుర్తుంది. తన తెలివి చూపించుకున్న రోజు కదా, గుర్తుండకేం.

ఆ రోజు తుపాకిని చేతిలోకి తీసుకుని కుందా మీద బొటనవేలు అట్లా నడిపి, "ఇది పట్టింది మీరు కాదు," అంది. "మెడ పొడుగు మనిషి. దవడ సన్నం. ఇదో, చెంప ఆనిన చోట గుంట ఎంత కిందికి దిగిందో చూడండి. చేతులు కూడా పొడుగే. చాలక భుజానికి ఆనే ఈ మడమ రేకు కింద చింతచెక్క పెట్టుకున్నాడు. గంటలు గంటలు చెంప ఆనించుకుని కూర్చునేవాడు. ఏడాదికోసారి పేలిస్తే పడే గుంట కాదిది."

గిడ్డయ్య నోరు తెరుచుకుని విన్నాడు.

"చేను కావిలి," అన్నాడు. "పందులొస్తాయని. బుడ్డల చేలో రాత్రంతా కూసునేటోడు."

"ఇక్కడ చూడండి. బొటనవేలి గోరుతో గీకిన గీతలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఊరికే ఉండలేని మనిషి."

"ఊరికే ఉండేటోడు కాదు," అన్నాడు గిడ్డయ్య. "చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు గూడా కంచం గీకుతానే ఉండేటోడు. వాళ్ళమ్మ చేతిమీద కొట్టేది." ఆగి, తుపాకి మీదికి వంగాడు. "ఇంకేం చెప్తాది పాపా?"

"అంతే."

"సరిగ్గా చూడు. ఇంకేమన్నా ఉంటాది."

తన పనితనానికి ముసలాయన మురిసిపోతున్నాడనుకుంది ఈశ్వరి. ఆ సాయంత్రం సందులో సైకిళ్ళ అంగడివాడికి కూడా చెప్పుకుంది. చెక్క చూసి మనిషిని చెప్పేస్తే ఎర్రపెంటాయన కళ్ళు తేలేశాడని.

ఆ తర్వాత మొదలైంది తిప్పట. మడమ రేకు కింది చింతచెక్క ముక్క తీసేసి పొడుగు తగ్గించింది. ఆ ముక్క ఎందుకూ పనికిరాదు, అయినా గిడ్డయ్య అడిగి తీసుకుని కండువా కొంగున ముడేసుకున్నాడు. పిసినిగొట్టు ముసలాయన అనుకుంది. తుపాకి కుదర్లేదని తిరిగొచ్చింది. రేకుకు తోలు వేసింది. మళ్ళీ తిరిగొచ్చింది. తోలు తీసి పలచటి తోలు వేసింది. ఊహూఁ.

వచ్చినప్పుడల్లా ఆయన పొద్దున బస్సుకు వచ్చి మాపటి బస్సు దాకా కూర్చునేవాడు. పని ఎంతవరకొచ్చింది అని అడగడు. "మావాని మెడ ఎంత పొడుగంటివి పాపా?" అంటాడు. "ఈ గీతలు కొత్తవా, పాతవా?" అంటాడు. కొడుకు మెడ పొడుగు తండ్రికి తెలియదా? చెప్పిందే చెప్పీ చెప్పీ ఆమె నోరు పోయింది.

ఒకసారి ఉస్తాద్ అన్నాడు, "ఆకాశంలోకి పేల్చే తుపాకికి గురి ఎందుకు బేటీ?"

"పనంటే పనే కదా ఉస్తాద్. కుదర్లేదు అంటే నా చేతికి కదా మాట."

"అదీ నిజమే," అని ఆయన మళ్ళీ తాళంలోకి తల దూర్చాడు.

ఈసారి కూడా గిడ్డయ్య ఉస్తాద్ చాప అంచున కూర్చుని టీ తాగుతున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఈశ్వరి దారం పట్టి కొలతలు చూసుకుంటూ సగం చెవితో విన్నది.

"బోరుబండి మీద పనికి పోయినాడు సాయిబూ, కర్ణాటకలో యాడనో. పైపు జారి మీద పడిందంట. నాకు ఫోన్ చేసినారంట, నేను పక్కూరి పెండ్లిలో ఉంటి, ఫోన్ ఇంట్లో పెట్టిపోతి. నేను పొయ్యేసరికి అంతా అయిపాయ. ఎండలకు నిలవదు అని ఆడనే పూడ్చినారు." టీ ఒక గుక్క తాగాడు. "మన్ను చూసొచ్చినా."

ఉస్తాద్ తన గ్లాసులోని టీని గిడ్డయ్య గ్లాసులోకి వంపాడు.

"పెద్దాయనా, ఇట్ల రాండి," అని పిలిచింది ఈశ్వరి. "కళ్ళు మూసుకోండి. తుపాకి ఎత్తండి. ఊఁ, చెంప ఆనించండి. ఇప్పుడు తెరవండి. మూతి మీది పూస కంటికి ఎదురుగా ఉందా?"

కుందా కుదిరిందో లేదో చూసే పద్ధతి అది. కళ్ళు మూసుకుని ఎత్తినప్పుడు ఒళ్ళు అబద్ధమాడదు. తెరిచేసరికి పూస ఎదురుగా ఉంటే కుదిరినట్టు.

"పక్కకుంది," అన్నాడు గిడ్డయ్య.

ఎందుకు పక్కకుందో ఈశ్వరికి ఇప్పుడు తెలిసిపోయింది. ఎప్పుడో తెలుసు నిజానికి. గిడ్డయ్యది నిండు దవడ, కురచ మెడ. తోళ్ళు మార్చితే లాభం లేదు. చెంప ఆనే పక్కన చెక్క తీసెయ్యాలి, ఆ గుంట అంతా పోయి చదునయ్యేదాకా. అప్పుడే ఆయన కన్ను పూసకు ఎదురొస్తుంది.

"ఇక్కడ పెట్టి పోండి," అంది. "ఈసారి కుదరకపోతే నేను ఈ పనే మానేస్తా."

"నేను కూసుంటా. నువ్వు చేసుకో."

"మీరు ఎదురుగా కూర్చుని అదీ ఇదీ అడుగుతాంటే నాకు చెయ్యి ఆడదు పెద్దాయనా."

గిడ్డయ్య తుపాకిని చూశాడు. పోవాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. "అట్లనే. ఏమన్నా తీసేదుంటే మాత్రం కబురు చెయ్యి పాపా. బస్సెక్కి వస్తా," అన్నాడు. చెప్పులేసుకుని, సందు మలుపు దాకా పోయి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉస్తాద్ ఆదోని వైపు ఏదో దర్గా ఉరుసుకు పోయాడు. ఏటేటా పోతాడు, రెండు రోజులుండి వస్తాడు. అంగడి తాళంచెవి ఈశ్వరికిచ్చాడు. గిడ్డయ్య తుపాకి మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం ఎండ సందులోకి నిలువుగా పడుతోంది. గిరాకీ ఎవరూ లేరు. ఈశ్వరి తుపాకిని బల్లకు బిగించి దాని ఎదురుగా కూర్చుంది. జాతర దగ్గరికొచ్చింది. ముసలాయనకు కబురు చేస్తే వస్తాడు. వస్తే కూర్చుంటాడు. కూర్చుంటే మళ్ళీ మెడ పొడుగు, గోటి గీతలు. సాయంత్రమవుతుంది, పని కాదు. జాతర రోజు దాయాదులు పేలుస్తారు, తుపాకి కుదరకనే మర్యాద పోయిందని ఊరంతా అంటుంది. ఎవరు చేశారంటే బ్రహ్మయ్యాచారి కూతురని కూడా అంటుంది.

ఆయన మంచికే కదా, అనుకుంది.

పెట్టెలోంచి చిత్రిక తీసింది. నాన్నది. ఆ పిడి ఆమె చేతికి పెద్దది, అందుకని గుడ్డపేలిక చుట్టుకుంది. మొదటి పట్టుకు చెక్క కిర్రుమంది. తర్వాత మెత్తబడింది. అక్రోటు చెక్క, నూరేళ్ళకు పైగా నూనె తాగిన చెక్క, పొట్టు కాగితంలా చుట్టలు చుట్టుకుని రాలింది. పైన నల్లటి తోలులాంటి రంగు, లోపల లేత గోధుమరంగు. గీతలు పోయాయి. గుంట పలచబడింది, పలచబడి నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది. గరుకు కాగితం పట్టింది. అవిసెనూనె రాసింది. మళ్ళీ కాగితం, మళ్ళీ నూనె. సాయంత్రానికి కుందా అద్దంలా ఉంది. ఇంత బాగా ఆమె చెయ్యి ఎన్నడూ నడవలేదు. నాన్న చూసుంటే బాగుండుననుకుంది.

ఊడ్చిన పొట్టును పొయ్యిలో వేసి టీ పెట్టుకుంది. నూనె పట్టిన పొట్టు కదా, భగ్గున మండింది.

ఉరుసు నుంచి ఉస్తాద్ తిరిగొచ్చిన పూటే గిడ్డయ్య కూడా వచ్చాడు. ఈశ్వరి తుపాకిని కొత్త బట్టలో చుట్టి సిద్ధంగా పెట్టింది. బట్ట విప్పి చేతికిచ్చింది.

"కళ్ళు మూసుకుని ఎత్తండి పెద్దాయనా."

ఆయన ఎత్తాడు. చెంప వెళ్ళి చెక్కమీద కూర్చుంది, పక్షి గూట్లో కూర్చున్నట్టు. కళ్ళు తెరిచాడు. తుపాకి దించి, చెంప ఆనిన చోట బొటనవేలు పెట్టాడు. వేలు జారింది. మళ్ళీ పెట్టాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు, తనది కాని తుపాకి ఎవరో చేతిలో పెట్టినట్టు.

"పూస ఎదురుగా ఉందా?"

"ఉంది పాపా." ఆయన బల్ల కింద, చుట్టుపక్కల చూశాడు. "తీసిన చెక్క ఉందా?"

"చెక్క ఏముంది పెద్దాయనా, పొట్టే కదా. పొయ్యిలో వేసి టీ పెట్టుకున్నా."

గిడ్డయ్య బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. బయట సైకిళ్ళ అంగడివాడు ఎవరినో బూతులు తిడుతున్నాడు. ఆ తిట్లు అయిపోయేదాకా ఆయన అట్లాగే కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పి పంపుంటే వస్తుంటి గదా," అన్నాడు.

కోపంగా అనలేదు. ఆమెతో కూడా అన్నట్టు లేదు. ఇంతకు ముందు ఎక్కడో ఎవరి ముందరో నిలబడి అన్న మాటనే తిరిగి అన్నట్టు అన్నాడు.

లేచి తుపాకిని గోనెపట్టాలో చుట్టుకున్నాడు. కొత్త బట్టను మడత పెట్టి బల్లమీద పెట్టాడు. "బాగ కుదిరింది పాపా. బాగ చేసినావు," అని చెప్పి, ఉస్తాద్‌కు దండం పెట్టి, వెళ్ళిపోయాడు. టీ తాగలేదు. మాపటి బస్సు దాకా కూర్చోలేదు. సందు మలుపులో వెనక్కి తిరిగి చూడలేదు.

ఈశ్వరి చాలాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత వచ్చి తన చోట కూర్చుంది.

"కొలత తప్పలేదు ఉస్తాద్," అంది.

ఆయన చేతిలోని తాళంకప్పను పక్కన పెట్టాడు.

"తియ్యకుండా కుదిరేది కాదు. ఆయన దవడకు అంత తియ్యాల్సిందే. మీరు చేసినా అంతే తీసేవాళ్ళు."

"అంతే తీసేవాణ్ణి."

"మరి? మనిషి ఎదురుగా లేడనేనా? ఉన్నా అంతే తీసేదాన్ని కదా. ఉంటే మాత్రం ఏం మారేది?"

ఉస్తాద్ చాప మీంచి లేచాడు. మోకాళ్ళు పట్టేసి లేవడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె పనిముట్ల పెట్టె దగ్గరికొచ్చి, చిత్రిక తీశాడు. పిడికి చుట్టిన గుడ్డపేలికను నెమ్మదిగా, ఒక్కొక్క చుట్టు, విప్పాడు. లోపల పిడి నల్లగా ఉంది. బ్రహ్మయ్యాచారి బొటనవేలు ఆనినచోట చిన్న గిన్నెలా గుంటపడి ఉంది. ఆ పక్కన చూపుడువేలు నడిచిన దారి. అరచేయి చెమట దిగి దిగి చెక్క తోలులా మెరుస్తోంది.

ఆయన చిత్రికను ఆమె ఒళ్ళో పెట్టాడు. పక్కన ఒక గరుకు కాగితం ముక్క పెట్టాడు.

"నీ చేతికి పెద్దది కదా, రోజూ గుడ్డ చుట్టుకుంటున్నావు. దీన్ని కూడా కుదుర్చుకో," అన్నాడు. "నేను నమాజుకు పోయొస్తా."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఈశ్వరి కాగితం చేతిలోకి తీసుకుంది. పనే కదా. వేలికి చుట్టుకుంది. పిడి మీద ఆనించింది.

ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి చూసింది. వేలు అందులో మునిగి, చుట్టూ ఇంకా చోటు మిగిలింది. నాన్న బొటనవేలు ఇంత వెడల్పని ఆమెకు ఎప్పుడూ తెలియదు. ఆయన చేతులు ఎప్పుడూ పనిమీద ఉండేవి, ఊరికే ఉన్న చెయ్యిని ఆమె చూసింది ఒక్కసారే, చాపమీద పడుకోబెట్టిన రోజు. ఆ రోజు చుట్టాలకు నీళ్ళందించే పనిలో పడిపోయింది. పెట్టె మోసుకొచ్చిన రోజు కూడా బరువు తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఉస్తాద్ నమాజు నుంచి వచ్చేసరికి గరుకు కాగితం కింద పడి ఉంది. పిల్ల తల వంచుకుని, చిత్రికను రెండు చేతులా ఒళ్ళో పట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోతూ ఏడుస్తోంది. ఏడాది నుంచి రాని ఏడుపు అది, రావడం మరిచిపోయి ఎక్కడో ఆగిపోయి ఇప్పుడు దారి తెలిసినట్టు.

ఆయన ఓదార్చలేదు. ఎదురుగా కూర్చున్నాడు. అంగట్లోకి ఎవరో తాళం పట్టుకుని వస్తే చేత్తోనే రేపు రమ్మన్నాడు. ఆమె ఏడుపు అయ్యేదాకా అక్కణ్ణుంచి కదలలేదు.

అయ్యాక కుండలోంచి నీళ్ళు ముంచిచ్చాడు. "జాతర నాడు ఎర్రపెంటకు పొద్దున్నే బస్సుంది," అన్నాడు.

జాతర రోజు ఎర్రపెంటలో కాలు పెట్టే సందు లేదు. డప్పులు, వేపమండలు, పసుపునీళ్ళు. ఈశ్వరి గుడికి ఎదురుగా ఉన్న రాతిగోడ నీడలో నిలబడింది. గుడి గడప లోపల అమ్మవారి గంపను నెత్తిన పెట్టుకుని పూజారి ఆగి ఉన్నాడు. గడప బయట గిడ్డయ్య. ఉతికిన పంచె, అదే ఎర్ర తలపాగా. దాయాదులు ఒక పక్కగా నిలబడి, చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"ముసలోడు పేలుస్తాడంటావా?" అన్నాడు గుంపులో ఎవరో.

"పేలిస్తే తుపాకితో పాటే ఎగిరి పడ్తాడు, సూడు," అన్నాడు ఇంకొకడు. నవ్వుకున్నారు.

డప్పులు ఆగాయి. గిడ్డయ్య మందు దట్టించాడు, తొందర లేకుండా. కళ్ళు మూసుకున్నాడు. తుపాకి ఎత్తాడు. చెంప ఆనింది.

కళ్ళు తెరవలేదు. ఈశ్వరి చూస్తూనే ఉంది. జనం చూస్తూనే ఉన్నారు. ఆయన చెంప ఆ నున్నటి చెక్కమీద ఇటు కొంచెం, అటు కొంచెం కదిలింది, చీకట్లో గోడ తడుముకునే చేతిలాగా. అక్కడ ఏమీ దొరకలేదు. చివరికి మూతి ఆకాశంలోకి లేపి, కళ్ళు మూసుకునే మీట నొక్కాడు.

ఊరు దద్దరిల్లింది. పొగ కమ్మింది. వేపచెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. డప్పులు మళ్ళీ అందుకున్నాయి, అమ్మవారి గంప గడప దాటింది, జనం దాని వెంట పడ్డారు. దాయాదులు కూడా పోయారు. గిడ్డయ్య భుజం తట్టినవాళ్ళు తట్టారు. కొంచెంసేపటికి గుడి ముందు ఎవరూ లేరు.

ఆయన గోడ దగ్గరికొచ్చి, ఆమెను చూసి, "వచ్చినావా పాపా," అన్నాడు. అక్కడే అరుగు మీద కూర్చుని తుపాకిని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

ఈశ్వరి దగ్గర రాత్రంతా పేర్చుకున్న మాటలు ఉన్నాయి. తప్పు నాదే పెద్దాయనా అని మొదలయ్యే మాటలు. ఒక్కటీ నోటికి రాలేదు.

"తన్నలేదు పాపా," అన్నాడు ఆయనే. భుజం రుద్దుకోబోయి, రుద్దుకోవడానికేమీ లేదని తెలిసి చెయ్యి దించేశాడు. "ఇంత మందు పోసినా, ఏమీ తెలీలేదు. అంత బాగ కుదిర్చినావు."

గంప దూరమవుతోంది. డప్పులు ఊరి మలుపు తిరిగాయి.

"కొంచెం తన్నుంటే బాగుండు," అన్నాడు.

ఈశ్వరి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. ఆ తుపాకి ఇన్నిసార్లు తన బల్లమీదికొచ్చింది. మెడ కొలిచింది, దవడ కొలిచింది, గోటిగీతల్లో పాతవేవో కొత్తవేవో వేరుచేసి చెప్పింది. ఒక్క మాట ఎన్నడూ అడగలేదు.

"మీవాని పేరేంది పెద్దాయనా?"

గిడ్డయ్య ఆమె వైపు తిరిగాడు. పొగకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మద్దిలేటి," అన్నాడు.

తర్వాత, డప్పుల చప్పుడులో ఆమెకు వినబడలేదేమోనని, ఇంకోసారి, కొంచెం గట్టిగా అన్నాడు.